బిందువులు తగ్గినా శిఖరం తగ్గరాదు

రేఖాచిత్రం అనగానే గళ్ళ కాగితం మీద పది చుక్కలు పెట్టి కలిపిన గీతే మనలో చాలామందికి జ్ఞాపకం వస్తుంది. నేడు కంప్యూటర్ గీయవలసిన చుక్కలు కోట్లకు చేరినవి. హృద్రోగులకు ఒక దినం పాటు తగిలించి ఉంచే హోల్టర్ యంత్రాన్నే తీసుకుందాం. అది గుండె విద్యుత్తును సెకనుకు 250 సార్లు కొలిచినచో ఇరవైనాలుగు గంటలకు 2 కోట్ల 16 లక్షల కొలతలవుతాయి. తెర వెడల్పు 1920 పిక్సెళ్ళనుకుంటే, ఒక్కొక్క నిలువు వరుసలో 11,250 కొలతలు, అనగా 45 సెకన్ల స్పందనలు, ఇరుక్కోవాలి. అన్నిటినీ గీయమంటే యంత్రం గీత మీదనే గీత గీస్తూ కాలం వృథా చేస్తుంది. వైద్యుడు తెరను జరిపినప్పుడల్లా వేచి ఉండవలసిందే. కనుక బిందువులను తగ్గించక తప్పదు. వేటిని వదలాలన్నదే చిక్కు.

ఇన్నింటికొకటి చొప్పున ఏరుకోవడం అందరికీ ముందుగా తోచే ఉపాయం. గ్నుప్లాట్ అనే సాధనంలో 'ఎవ్రీ' అనే ఆజ్ఞ చేసే పని ఇదే. ఇది సులభమే గాని, మా దృష్టిలో ప్రమాదకరం. గుండె కింది గదులు ముడుచుకున్నప్పుడు లేచే కొన సెకనులో సుమారు పదో వంతు మాత్రమే నిలుస్తుంది. అంటే పాతిక కొలతలు. వేళ తప్పి వచ్చిన ఒక్క స్పందన 11,250లో ఏరిన ఆ ఒక్కదానికి చిక్కడం కల్ల. పైగా క్రమంగా ఊగే సంకేతాన్ని ఇలా దూరదూరంగా ఏరితే లేని అలలు కనిపిస్తాయి. సినిమాలో ముందుకు పోతున్న బండి చక్రం వెనక్కి తిరిగినట్లు కనబడడం ఈ మాయే. సగటు తీద్దామా అంటే, ఆ ఒక్క కొన వేల కొలతలలో కరిగిపోతుంది. దినసరి ఉష్ణోగ్రతలకు సగటు చాలవచ్చును గాని, ఇక్కడ చాలదు.

ఇంతకంటె మేలైన మార్గం ఉన్నది. ప్రతి నిలువు వరుసలోనూ మొదటిది, చివరిది, అన్నిటికంటె పెద్దది, చిన్నది అనే నాలుగు కొలతలనే ఉంచుకోవడం. 2014లో 'ఎం4' అనే పేరుతో ప్రకటితమైన ఈ పద్ధతిలో 7,680 బిందువులు చాలును. నలుపు తెలుపు గీతకైతే, అన్నిటినీ గీసిన చిత్రానికీ దీనికీ తెరపై భేదముండదు. 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో వెలువడిన త్రిభుజ పద్ధతి ఇంకా తక్కువ బిందువులతో కంటికింపైన గీతనిస్తుంది. అయితే అది అత్యున్నత బిందువును తప్పక నిలుపుతుందన్న హామీ లేదు.

ఎం4 కూడా సర్వరోగ నివారిణి కాదు. గుండె మూడు సెకన్లు ఆగినచో, ఆ విరామం 45 సెకన్ల వరుసలో దాగిపోతుంది. దానికి ముందూ వెనుకా లేచిన కొనలు ఆ వరుసను యథాప్రకారం నింపివేస్తాయి. అందుచేత స్పందనల మధ్య ఎడాన్ని మొత్తం కొలతల నుండే లెక్కించి, వేరొక గీతగా చూపాలి. తగ్గింపు తెర వరకే. మూల దత్తాంశాన్ని ముట్టరాదు. వైద్యుడు పది సెకన్ల భాగాన్ని పెద్దది చేసి చూడబోతే అక్కడున్నవి 2,500 కొలతలే. వాటిని ఒక్కటీ వదలకుండా గీయవచ్చును.