పాతకలపతో భోజనపుబల్ల

పల్లెలందు పాతకాలపు మండువాలోగిళ్లు ఒక్కొక్కటిగ నేలమట్టమగుచున్నవి. వాని స్థానమున సిమెంటు మేడలు లేచుచున్నవి. అందులకు వగచుట నా యుద్దేశము కాదు. గోడలు తడియు నింట నెవ్వరుండగలరు? కాని యిల్లు విప్పినప్పుడు దిగిన దూలములు, వాసములు, అటకపలకలు వంటచెరకు వెలకు పోవుట మాత్రము గృహిణులమైన మనము సహింపరాని దుబారా. జీర్ణోద్ధరణమును మన పెద్దలు పుణ్యకార్యముగ నెన్నిరి. దేవాలయమునకు చెల్లిన యా మాట ఇంటికలపకును కొంత చెల్లునని నా తలంపు. మా యత్తవారి యూరియిల్లు విప్పినప్పుడు మిగిలిన కలపతో మేమొక భోజనపుబల్ల చేయించితిమి. ఆ పనిలో తెలిసికొన్న సంగతులను మీకు విన్నవించుచున్నాను.

ముందుగ పాతకలప యేల మేలో చెప్పెదను. గోదావరీతీరపు పాతయిండ్లలో టేకు విరివిగ కనబడును. ఎగువ యడవులలో నరికిన మ్రాకులను తెప్పలుగ గట్టి నదిపై రాజమహేంద్రవరమునకు దించెడివారు. బర్మాటేకు ఓడలపై వచ్చెడిది. ఆ దేశము 2014 ఏప్రిలు 1 నుండి దుంగల యెగుమతిని నిషేధించుటచే అట్టి కలపకు విలువ హెచ్చినది. టేకుచేవలో సహజమైన తైలముండును గావున చెదలు త్వరగ నంటవు. పెక్కేండ్లు కప్పుక్రింద నారిన పలక క్రొత్తదానివలె సులభముగ వంకరపోదు.

అట్లని చేతికందిన దానినెల్ల గ్రహింపరాదు. పలకను సుత్తితో తట్టి చూడవలెను. సన్నని రంధ్రములనుండి క్రొత్తపిండి రాలినచో లోపల పురుగు బ్రతికియున్నదని శంకింపవలెను. అట్టిదానిని విడుచుటయే మేలు. చేవచుట్టునున్న తెల్లని భాగమును పురుగు ముందుగ పట్టును గావున దానిని కోయించివేయవలెను. పిదప సూదంటురాతిని పలకపై మెల్లగ త్రిప్పినచో కనబడని యినుపమేకుల జాడ తెలియును. ఒక్క మేకు మిగిలినను రంపపుపండ్లు చెడును. వడ్రంగి చేతికి గాయమగును.

రంగువిషయమున మరింత జాగ్రత్త వలయును. పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు 1 నుండి గాని అమలులోనికి రాలేదు. సీసపుధూళి పసిబిడ్డల బుద్ధివికాసమునకు చెరుపు, గర్భవతులకును హాని. కావున పాతరంగును పొడిగ గీకరాదు, కాల్చరాదు. మేము రంగు పూసిన తలుపులను వేరుగ నుంచి, రంగెరుగని అటకపలకలనే బల్లపైభాగమునకు ఎన్నుకొంటిమి. కాళ్లకు దూలమును, వానిని కలుపు చట్టమునకు వాసములను కోయించితిమి.

గడపమ్రానును గూడ వాడుదమని వడ్రంగి యనెను. మా యత్తగారు సమ్మతింపలేదు. "ఏండ్లతరబడి పసుపు రాసి, కుంకుమ పెట్టి మ్రొక్కిన గడప. దానిపై ఎంగిలి పడరాదు, కాళ్లు తగులరాదు" అనిరి. ఆ మాట సబబని తోచి, దానిని పూజగదిలో దీపముంచు అరగ నమర్చితిమి.

ఇక కొలతలు. బల్ల యెత్తు 30 అంగుళములు. కూర్చుండు పీట యెత్తు 18 అంగుళములు. ఒక్కొక్కరికి 24 అంగుళముల వెడల్పు చోటు వలయును. కావున 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల బల్లకు ఇరువైపుల ముగ్గురేసి కూర్చుండవచ్చును. పలక మందము 1 అంగుళము, చట్టపు వెడల్పు 4 అంగుళములైనచో మోకాళ్లకు క్రింద 25 అంగుళముల ఖాళీ మిగులును.

చట్టమును కాళ్లకు మేకులతో దిగగొట్టి సరిపెట్టరాదు. చట్టపుకొనను సన్నముగ చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జమున బిగువుగ చొప్పించి జిగురుతో నతికింపవలెను. పైపలకలను మాత్రము చట్టమునకు కదలకుండ నతుకరాదు. కలప వానకాలమున వెడల్పున ఉబ్బును, వేసవిలో కుదియును. పొడవున దాదాపు మారదు. పాతతలుపుల ఇనుపపట్టీలను తునుకలుగ కోయించి, వానికి నిడుపుబెజ్జములు వేయించి, అడుగునుండి మరమేకులతో బిగించితిమి. అందుచే పలక జరుగుటకు చోటుండును. పగుళ్ల భయము తగ్గును. పాతబెజ్జములను అదే కలపముక్కలతో పూడ్పించితిమి.

తుదకు చిత్రికపట్టి నునుపుచేసిన బల్లకు అవిసెనూనెను పలుచగ రాచి తుడిచి, బాగుగ నారిన తరువాత మరల రాయవలెను, మూడుమారులు చాలును. ఒక హెచ్చరిక: ఆ నూనెగుడ్డలను ముద్దగ పడవేయరాదు. నూనె గాలితో కలిసి ఆరునపుడు వేడి పుట్టి, గుడ్డలు తమంత తామే అంటుకొనవచ్చును. వానిని ఆరుబయట విప్పి పరవవలెను. లేదా నీట ముంచవలెను.

మా వారు ఉపాధ్యాయులు. క్రొత్త టేకుబల్ల కొను స్తోమత మాకు లేదు. అయినను ఈ ప్రయత్నమునకు అసలు కారణము మా యత్తగారి మోకాళ్లు. క్రింద కూర్చుండలేక ఆమె కుర్చీలో పళ్లెము ఒడిలో నుంచుకొని ఒంటరిగ తినెడివారు. మగవారికి, పిల్లలకు వడ్డించిన పిదప నేను వంటింట చల్లారిన కూరలతో కూర్చుండెడిదానను. ఇప్పుడు గిన్నెలన్నియు బల్లనడుమ నుండును. ఎవరికి వలసినది వారు వడ్డించుకొందురు. ఆరుగురమును ఒక్కమారే భుజింతుము. "బల్లమీద ఎంగిలి యెట్లు?" అని సందేహించిన అత్తగారే భోజనానంతరము తడిగుడ్డతో బల్లను శుద్ధిచేయు పనిని మనుమలకు నేర్పిరి.

కాన, మీ యింటగాని, బంధువుల యింటగాని పాతయిల్లు విప్పుచున్నప్పుడు, బేరగాడు బండి తెచ్చుటకు ముందే మీరొకమారు వెళ్లి కలపను చూడుడు. ఆరు మంచిపలకలు, ఒక దూలము, నాలుగు వాసములు దొరికినచో వానిని నీడలో, నడుమ పుల్లలుంచి పేర్పింపుడు. పిదప నమ్మకమైన వడ్రంగిని పిలిపింపుడు.