చెరకు దీవిలో ఒక పగలు

హిందూ మహాసముద్రంలో తిరిగే విహార నౌకలు మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవులో ఆగుతుంటాయి. చాలాసార్లు ప్రయాణికులు పొద్దున దిగి, చీకటిపడేలోగా మళ్లీ ఎక్కాలి. దిగినవాళ్లు ఎక్కువమంది సముద్రం ఒడ్డున ఇసుకలో గడిపి వెళ్తారు. అదే పగలు ఒక రైతుకు దొరికితే చూడవలసింది ఇసుక కాదు, చెరకు. జనగామలో పత్తి వేసే రైతుకైనా, మహబూబాబాద్‌లో మిర్చి పండించే రైతుకైనా, భూపాలపల్లి చెలకల్లో పైరు పెట్టే రైతుకైనా ఆ దీవి కథలో తన సంగతి కనపడుతుంది.

పదహారు మెట్లు

రేవు పక్కనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1849లో కట్టిన కూలీల డిపో ఇది. 1834 నుంచి 1920 వరకు ఐదు లక్షలకు దగ్గరగా ఒప్పంద కూలీలు ఈ రేవులో దిగారు. అత్యధికులు మన దేశం వాళ్లే. ఓడ దిగినవాళ్లు ఎక్కిన 16 రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ వాళ్లను 'కోరంగీలు' అన్నారు. ఒప్పందం ఐదేళ్లు. మగవాళ్లకు నెలకు 5 రూపాయలు, పైన తిండిగింజలు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఇంత కష్టంలోనూ భాషను విడవలేదు. నేటికీ అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే.

రాళ్లు ఏరి సాగు

రేవు నుంచి ఉత్తరంగా పది, పన్నెండు కిలోమీటర్లు పోతే పాంప్లెమూస్ వస్తుంది. అటువైపు చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు కనపడతాయి. అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి గనుక నేలంతా రాళ్లే. వాటిని ఒక్కొక్కటిగా ఏరి, కుప్పపోసి, సాళ్లు తీసింది కూలీల చేతులే. బండరాళ్ల చెలకను బాగుచేసుకున్న మన రైతుకు ఆ కష్టం వేరే చెప్పాలా!

మరి చెరకే ఎందుకు? ఆ దీవికి తుఫాన్ల బెడద ఎక్కువ. గాలికి చెట్లు కూలినా చెరకు వంగి మళ్లీ లేస్తుంది. 1870ల తర్వాత పంచదార ధర పడిపోయి, పెద్ద ఆసాములు తమ భూముల్లో కొంత ముక్కలుచేసి అమ్ముకున్నారు. కూలి డబ్బు కూడబెట్టిన కుటుంబాలు అర ఎకరం, ఎకరం కొన్నాయి. కూలీ ఆ విధంగా రైతయ్యాడు.

ధర ఎవరి చేతిలో?

పాంప్లెమూస్ దగ్గరే బో ప్లాన్‌లో ఒక పాత చక్కెర మిల్లు ఉంది. 1999లో అది మూతపడింది. 2002 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. 19వ శతాబ్దం నడుమ దీవిలో రెండు వందలకు పైగా మిల్లులు ఆడేవి. ఇప్పుడు మిగిలినవి మూడే.

కారణం ఏమిటి? 1975 ఒప్పందంతో యూరప్ దేశాలు మారిషస్ పంచదారను బయటి మార్కెట్ కంటే మంచి ధరకు కొనేవి. 2006 నుంచి ఆ ధరను విడతలవారీగా 36 శాతం తగ్గించారు. 2009లో ఒప్పందమే ముగిసింది. తాతలు రాళ్లు ఏరి సంపాదించిన భూమిని మనవలు బీడు పెట్టారు. చిన్న చెరకు రైతుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. దీవి తినే బియ్యం దాదాపు మొత్తం బయటి నుంచే ఓడల్లో వస్తుంది.

ఒకే పంట, ధర వేరేవాళ్ల చేతిలో. ఈ మాట మనకు కొత్తదా? 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో లద్దెపురుగు పత్తిని తినేస్తే, మందుల అప్పు తీర్చలేక ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో మన పల్లెలు మరచిపోలేదు.

నిలబడ్డవాళ్లు ఎట్లా నిలబడ్డారు?

అందరూ పోలేదు. నిలబడ్డవాళ్లకు మూడు ఆసరాలు దొరికాయి.

మొదటిది, ఉమ్మడి అమ్మకం. 1919లో ఏర్పడిన షుగర్ సిండికేట్ ద్వారా దీవి పంచదారంతా ఒకే చేతి మీదుగా అమ్ముడయ్యేది. చిన్న రైతు వ్యాపారి ముందు ఒంటరిగా నిలబడే పని లేదు. చాలా ఏళ్లపాటు తన చెరకు నుంచి వచ్చిన ప్రతి 100 కిలోల పంచదారలో 78 కిలోలు రైతు వాటా, 22 మిల్లు వాటా.

రెండోది, బీమా. తుఫాను, కరువు నష్టాలకు 1946లోనే చెరకు రైతులకు బీమా నిధి పెట్టారు. 1960 ఫిబ్రవరిలో కరోల్ తుఫాను వచ్చిన ఏడు పంచదార దిగుబడి సగానికి పైగా పడిపోయింది. అటువంటి ఏడాదిని దాటడానికే ఆ నిధి.

మూడోది, సరుకులో తేడా. తెల్ల పంచదారతో పాటు ముదురు రంగు ప్రత్యేక రకాలు తయారుచేశారు. పిప్పితో కరెంటు తీశారు. చిన్న రైతులు సహకార సంఘాలుగా చేరి 'ఫెయిర్‌ట్రేడ్' గుర్తింపు తెచ్చుకున్నారు. దానివల్ల ధర కాక టన్ను పంచదారకు 60 డాలర్లు సంఘానికి అదనంగా వస్తాయి. ఆ సొమ్ము దేనికి ఖర్చుపెట్టాలో సభ్యులే తేల్చుకుంటారు.

మన ఊళ్లో మొదలుపెట్టగలిగేది

ఉన్న రెండెకరాల్లో మొత్తం పత్తే పెట్టకుండా, ఇంటి తిండికి కొంత కంది, పెసర, కూరగాయలు ఉంచుకోవాలి. పత్తి ధర పడినా పొయ్యి మీద కుండ దిగదు. పది మంది ఒకే రకం మిర్చి వేసి, ఆరబెట్టి, తాలు ఏరి, ఒకే లాటుగా మార్కెట్‌కు తీసుకుపోతే అడ్తిదారుతో మాట్లాడే బలం వస్తుంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకు తగిన ధర రైతు దాకా చేరాలంటే సంఘం కావాలి. పంట బీమా సంగతి విత్తనం వేయకముందే రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని అడగాలి, నష్టం జరిగాక కాదు.

చీకటిపడేలోగా నౌక మారిషస్ వదిలి వెళ్లిపోతుంది. రాళ్లు ఏరినవాళ్ల మనవలు మాత్రం అక్కడే ఉంటారు. వాళ్లలో భూమి నిలుపుకున్నవాళ్లు ఎవరికి వారుగా నిలుపుకోలేదు, కలిసి నిలుపుకున్నారు.