సరుగుడు తోట కూడా అడవేనా?

2021 అటవీ నివేదిక ప్రకారం దేశంలో అడవి అన్నిటికంటే ఎక్కువ పెరిగిన రాష్ట్రం మనదే. రెండేళ్లలో 647 చదరపు కిలోమీటర్లు! మరి చెట్లు నరికేస్తున్నారని ఈ గోలంతా ఎందుకు?

మాది చీపురుపల్లి. మా వైపు సరుగుడు, నీలగిరి, జీడిమామిడి తోటలు చాలా. పెరిగిన ఆ అడవిలో ఇలాంటివీ ఉన్నాయా అని నాకు డౌటొచ్చి డెఫినిషన్ చదివాను. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దృష్టిలో అడవి అంటే కనీసం ఒక హెక్టారు నేల, పైనుంచి చూస్తే అందులో 10 శాతమైనా కొమ్మల కింద ఉండాలి. అంతే. నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా పర్లేదు. మామిడి తోట, కొబ్బరి తోట కూడా పాసే. మన భాషలో అదొక ఇఫ్ కండిషన్. అందులో ‘వయసు’ అనే వేరియబులే లేదు. నాలుగేళ్ల సరుగుడుకీ, వందేళ్ల గుగ్గిలం చెట్టుకీ ఒకటే జవాబు: ట్రూ. పెరుగుదలకి కారణాల్లో మొక్కల పెంపకం, పొలాల్లో చెట్లు పెంచడం కూడా ఉన్నాయని ఆ నివేదికే చెప్తోంది.

అటువైపు వాదించేవాళ్లు గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ మ్యాపులు చూపిస్తారు. వాటిలో సరుగుడు కోతకొచ్చి లారీ ఎక్కినా ‘నష్టం’ కిందే పడుతుంది. అంటే ఇద్దరూ మా రైతు తోటనే లెక్కపెడుతున్నారు, ఒకరు పెరిగినప్పుడు, ఇంకొకరు కొట్టినప్పుడు. కొండ మీద వంద హెక్టార్ల పాత అడవి పోయి, కింద వంద హెక్టార్ల సరుగుడు వస్తే మొత్తం తేడా సున్నా.

ఆ సున్నాలో ఏం పోతుందో తెలియాలంటే అడ్డాకు సంగతి చూడాలి. పెళ్లిభోజనాల విస్తళ్లు కుట్టే ఆకు. అడ్డ చెట్టు కాదు, అడవిలో పెద్ద చెట్లని పట్టుకుని పైకి పాకే తీగ. నాలుగైదేళ్లకే కొట్టేసే సరుగుడు తోటలో దానికి చోటెక్కడ? పార్వతీపురం మన్యంలో గిరిజనులకి అడ్డాకు, చింతపండు, తేనె అంటే చేతికొచ్చే డబ్బు. ఇలాంటి సరుకు కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు.

సరుగుడు రైతుని తిట్టడం నా ఉద్దేశం కాదు. పేపరు మిల్లులు ఒకప్పుడు అడవి వెదురు మీద బతికేవి, పొలంలో పండిన కర్ర దొరికితే అడవికి కాస్త ఊపిరే. పైగా 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆర్డరిచ్చాక, ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టడానికి వీల్లేదు. నా గొడవంతా రెండింటినీ ఒకే కాలమ్‌లో కలిపెయ్యడం గురించే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పండ్ల తోటల్ని అడవి అనదు, మనుషుల చెయ్యి పెద్దగా పడని అడవికి వేరే కాలమ్ పెట్టింది. అందుకే 1990 నుంచి 2020 దాకా ప్రపంచంలో అలాంటి అడవి 8.1 కోట్ల హెక్టార్లు తగ్గిందని చెప్పగలిగింది. మన నివేదికలో దానికి కాస్త దగ్గరగా వచ్చేది ‘అతి దట్టమైన అడవి’, అంటే 70 శాతం పైన. ఎవరైనా అంకె చెప్తే ముందు ఆ కాలమ్ అడగండి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సాలూరు, కురుపాం కొండలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయాయి. పాత విజయనగరం జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెడితే, ఒక్క గొడ్డలి లేవకుండానే బోలెడంత అడవి మాయం!