రేసు ఇంజను ఒక స్థాయి కిందికి దిగిన కథ

2022 నవంబరు, డిసెంబరు నెలల్లో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు తిరిగాయి. మోటారు సైకిలు కోసం పుట్టిన అప్రీలియా ఇంజన్లు బిగించిన పెట్రోలు కార్లవి. 2023 ఫిబ్రవరి 11న ఇంచుమించు అదే బాట మీద, ఎన్టీఆర్ మార్గ్, సెక్రటేరియట్, లుంబినీ పార్కు చుట్టూ, ఫార్ములా ఈ కార్లు పరుగుపెట్టాయి. అవి పూర్తిగా కరెంటువి. మూడు నెలలు తిరక్కుండా ఒకే రోడ్డు మీద రెండు రకాల రేసులన్నమాట. చప్పుడు తగ్గిన రేసు రేసేనా అని ప్రపంచమంతా అప్పటికి పదేళ్లుగా నలుగుతున్న తగువును హైదరాబాదు వాళ్లు టికెట్టు కొనుక్కుని సొంత చెవులతో తేల్చుకునే వీలు దొరికింది. తేలలేదనుకోండి. ఒళ్లు జలదరించకపోతే ఇంత ఖర్చెందుకని కొందరు, చంటిపిల్లల్ని వెంటబెట్టుకుని హాయిగా చూశామని మరికొందరు.

హైదరాబాదు సంగతి అలా ఉంచితే, మా తడలో ఉండేవాళ్లకు పెద్ద చప్పుళ్లు కొత్తేమీ కాదు. పులికాట్ సరస్సుకు ఆవల, గీత గీసినట్టు కొలిస్తే పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా శ్రీహరికోట. రాకెట్టు పైకి లేవడం కంటికి ముందు కనిపిస్తుంది, దాని గర్జన నిమిషం దాటాక గానీ ఇక్కడికి చేరదు. ఆ గర్జన తగ్గించమని అడిగినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. దక్షిణంగా హైవే మీద గంట ప్రయాణం చేస్తే చోళవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపేది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు తెరుచుకున్నాక చోళవరం ఖాళీ అయింది. ఆ రేసులు చూసొచ్చిన పెద్దవాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. ఎవరు గెలిచారో మర్చిపోయారు గానీ చప్పుడు మాత్రం నోటితో చేసి చూపిస్తారు.

ఇంతకీ ఆ చప్పుడు ఎక్కడిది? సిలిండర్‌లో పెట్రోలు మండి పిస్టన్‌ను కిందికి తోశాక, లోపలి వాయువుల్లో ఇంకా బోలెడు ఒత్తిడి మిగిలి ఉంటుంది. పొగ వాల్వు తెరుచుకోగానే అవి ఒక్క ఉదుటున గొట్టంలోకి దూకుతాయి. ఒక్కో దూకుడూ గాలిలో ఒక్కో దెబ్బ. రోడ్డు పక్కన ఆగి ఉన్న పాత బుల్లెట్టు ఇంజను సెకనుకు ఏడెనిమిది దెబ్బలే కొడుతుంది. అందుకే ప్రతి దెబ్బా విడిగా వినపడుతుంది. టూ స్ట్రోక్ బండి కాబట్టి యమహా ఆర్‌ఎక్స్ 100లో చుట్టుకో దెబ్బ పడుతుంది. నిమిషానికి 7,500 చుట్ల మీద సెకనుకు 125. దెబ్బలు ఇంత దగ్గరగా పడ్డప్పుడు వాటిని విడదీయడం చెవి వల్ల కాదు, అన్నీ కలిసి ఒక స్వరమైపోతాయి.

ఇదే లెక్క ఫార్ములా వన్ కారుకు కట్టి చూద్దాం. 2006 నుంచి 2013 దాకా వాడిన వీ8 ఇంజను 2.4 లీటర్లది, ఎనిమిది సిలిండర్లది. చివరి ఏళ్లలో నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరగనిచ్చారు. అంటే సెకనుకు 300 చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి చుట్టుకు నాలుగు దెబ్బలు, సెకనుకు 1,200. అంతకు ముందరి వీ10 ఇంకా పైన, 19,000 చుట్ల దగ్గర దాదాపు 1,580. 2014లో వచ్చిన వీ6 టర్బోకు 15,000 చుట్ల దాకా అనుమతి ఉన్నా, ఇంధనం మీద పెట్టిన కట్టడి వల్ల 12,000 దాటి తిప్పితే కలిసొచ్చేదేమీ లేదు. 12,000 చుట్ల దగ్గర ఆరు సిలిండర్ల లెక్క సెకనుకు సరిగ్గా 600. పన్నెండు వందలకు ఆరు వందలు సగం. సంగీతం వచ్చినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు, కచ్చేరీ మధ్యలో శ్రుతి ఒక స్థాయి కిందికి దించేశారు.

దించడమొక్కటే అయితే గొడవ ఇంత ముదిరేది కాదేమో. మన చెవి బాగా పదునుగా పనిచేసేది సెకనుకు రెండు వేల నుంచి ఐదు వేల కంపనాల మధ్య. వీ8 స్వరంతో పాటు పుట్టే 2,400, 3,600 కంపనాల అనుస్వరాలు సూటిగా అక్కడే తగులుతాయి. గుచ్చినట్టుండే ఆ కీచుదనం వాటిదే. కొత్త ఇంజనులో అలాంటి పై స్వరాలను టర్బో మింగేస్తుంది.

ఈ కథలో దొంగ ఎవరంటే నేను టర్బో వైపే వేలు చూపిస్తాను. దాని వయసు తక్కువేం కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహీ 1905లోనే దానికి పేటెంటు పొందాడు. పొగగొట్టంలో ఊరికే పోతున్న వాయువుల దారికి ఒక చక్రం అడ్డం పెట్టి తిప్పించుకోవడం, ఆ తిరుగుడుతోనే ఇంజనులోకి మరింత గాలి కుక్కడం అతని ఆలోచన. 1920ల్లో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో అది పనికెక్కింది. ఆ తర్వాత డీజిల్ లారీల్లోకి వచ్చింది. తడ చెక్‌పోస్టు దాటి వేగమందుకునే లారీ దగ్గర చెవి ఒగ్గితే, ఇంజను గుర్రు మీద సన్నటి ఈల ఒకటి వినిపిస్తుంది. అది బూహీ చక్రం. ఫార్ములా వన్‌లోకి దాన్ని 1977లో సిల్వర్‌స్టోన్ రేసుకు రెనో తెచ్చింది. మాటిమాటికీ పొగలు కక్కుతుంటే ఆ పసుపు రంగు కారును టీ కెటిలని ఎగతాళి చేశారు. పదేళ్లు తిరక్కుండా ఆ కెటిలు వారసులే వెయ్యి హార్స్‌పవర్ దాటారు. 1989 నుంచి టర్బోలను నిషేధించారు.

1980ల టర్బో కార్లలో చాలావరకు 1.5 లీటర్ల వీ6లే. అవీ వీ10లా కీచుమనలేదు. వాటినెవరూ మూగవని తిట్టలేదు మరి. అభిమానులు ఇది అసలైన రేసు గొంతు అని పట్టుబట్టేది నిజానికి 1989కీ 2013కీ మధ్య పెరిగిన ఒక తరం చెవులకు అలవాటైన గొంతు.

2014లో టర్బో తిరిగొచ్చింది. ఈసారి దాని ఇరుసుకే ఎంజీయూ-హెచ్ అనే చిన్న జనరేటరు కూడా తగిలించారు. చక్రాన్ని నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరగనిచ్చేవారు. గాలి కుక్కడానికి పోను మిగిలినదాన్ని జనరేటరు కరెంటుగా మార్చేసేది. గొట్టం చివరికి చేరేసరికి వాయువుల్లో దెబ్బ కొట్టే సత్తువ ఏం మిగిలేది? పాత వీ8లో పెట్రోలు శక్తిలో సుమారు 30 శాతం పనికొచ్చే బలంగా మారేది. 2017లో మెర్సిడెస్, పెట్రోలుకు కరెంటు మోటారు తోడైన తన వీ6 హైబ్రిడ్ పరీక్షశాలలో 50 శాతం దాటిందని ప్రకటించింది. 2014లో రేసుకు 100 కిలోల ఇంధనమే అని గీత గీస్తే, దాదాపు మూడో వంతు తక్కువ పెట్రోలుతో అదే దూరం అదే ఊపులో లాగేశారు. ఇంజనీరింగుగా చూస్తే ఇంతటి పని గడచిన వందేళ్ల పెట్రోలు ఇంజను చరిత్రలో అరుదు. ఒక మాట మాత్రం చెప్పాలి, చప్పుడుగా పోయే శక్తి అత్యల్పం. దాన్ని పొదుపు చేద్దామని ఎవరూ బయల్దేరలేదు. వృథా పోతున్న వేడినీ ఒత్తిడినీ పట్టుకోబోతే చప్పుడు కూడా వాటితో పాటే చిక్కింది.

ఈ కొత్త ఇంజన్లతో తొలి రేసు 2014 మార్చి 16న మెల్‌బోర్న్‌లో. అక్కడి నిర్వాహకుల పెద్ద రాన్ వాకర్ రేసు ముగియగానే ఫిర్యాదుకు దిగాడు. తాము డబ్బు పోసి కొన్న సరుకు ఇది కాదని ఆయన బాధ. అప్పట్లో ఫార్ములా వన్ వ్యాపారాన్ని నడిపిన బెర్నీ ఎకల్‌స్టన్ కూడా ఆయన వైపే. అంతకు ముందు వరసగా నాలుగు ఏళ్లు చాంపియన్ అయిన సెబాస్టియన్ వెటెల్ కారు ఆ రేసులో తొందరగానే ఆగిపోయింది. పిట్ గోడ దగ్గర నిలబడి మిగతా రేసు చూస్తే, బారులో ఇంతకంటే ఎక్కువ మోత ఉంటుందనిపించిందట. ఆ ఏడాది ఆయన ఒక్క రేసూ గెలవలేదు, కోపంలో కొంత పాలు దానిది కూడా కావచ్చు. ఆ మేలో బార్సిలోనా పరీక్షల్లో మెర్సిడెస్ కారు వెనక గొట్టానికి బాకా మూతి లాంటిదొకటి తగిలించి చూశారు. మూతి వెడల్పయింది గానీ స్వరం పెద్దగా లేవలేదు. 2016లో టర్బోను తప్పించుకుపోయే వాయువులకు విడి గొట్టాలు పెట్టాలని రూలు రాశారు. కాస్త పెరిగింది. పాత రోజులు మాత్రం రాలేదు.

అభిమానుల రొద వట్టి బెంగ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. స్టాండులో కూర్చున్నవాడికి కనిపించేది ఒక మలుపు, చుట్టుకు మూడు నాలుగు సెకన్లు. మిగతా రేసంతా అతను చెవితోనే చూస్తాడు. ఎవరు బ్రేకు ముందే తొక్కారు, ఎవరి గేరు తడబడింది, ఎవరి ఇంజను దగ్గుతోంది అన్నవి కారు కనపడక ముందే తెలిసిపోయేవి. ఆ సమాచారం అతని చేతిలోంచి జారిపోయింది. అయితే బదులుగా ఒకటి దొరికింది, అది వీ8 మోతలో ఎప్పుడూ వినపడనిది. చక్రం బిగుసుకుపోయి టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోయే ఏడుపు. రేసరు తప్పు చేశాడనడానికి ఇంజను చప్పుడు కంటే అదే నమ్మకమైన గుర్తు.

మన దేశపు చెవుల సంగతి మరీ విచిత్రం. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ జరిగింది 2011, 2012, 2013 మూడేళ్లే. మూడూ వీ8 కాలపువే, మూడూ వెటెల్ గెలిచినవే. ఇంజను మారడం, రేసు మన దేశం నుంచి వెళ్లిపోవడం ఒకేసారి జరిగాయి. కాబట్టి రైలెక్కి ఢిల్లీ వెళ్లి చూసొచ్చిన తెలుగు అభిమానికి ఫార్ములా వన్ అంటే చెవిలో ఇప్పటికీ వీ8. తగువంతా ఏ హైబ్రిడ్ మీదో, దాన్ని అతను మన గడ్డ మీద రేసులో ఒక్కసారీ వినలేదు, టీవీలో మైకు పట్టిన చప్పుడు తప్ప. మనకు ఇంజను మీద మమకారం ఎంతుందో చూడాలంటే ఢిల్లీ దాకా అక్కర్లేదు. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100 పేరు పెట్టుకుని 2018లో ఒక తెలుగు సినిమా వచ్చింది. మోత పెరిగేలా మార్చిన బుల్లెట్ల సైలెన్సర్లు పీకించి పోలీసులు రోడ్డు రోలరు కింద నలిపించడమూ మన ఊళ్లలోనే చూస్తున్నాం.

ఇక హుస్సేన్‌సాగర్ ఒడ్డున తిరిగిన కరెంటు కార్ల సంగతి. వాటిది మూడో తరం. రేసరుతో కలిపి 840 కిలోల బరువు, 350 కిలోవాట్ల మోటారు. బ్రేకు వేసినప్పుడు ముందు, వెనక మోటార్లు జనరేటర్లుగా మారి 600 కిలోవాట్ల దాకా వెనక్కి లాక్కుంటాయి, వెనక చక్రాలను ఆపే పని మామూలుగా మోటారుదే. ఇందులో మండేది లేదు, గాలిని కొట్టే దెబ్బ లేదు. వినపడేది గేరు పళ్ల కీచు, టైర్ల రాపిడి, అడుగు భాగం రోడ్డుకు తగిలినప్పటి గీరుడు. ఆ రోజు రెండు జాగ్వార్ కార్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని బయటికి పోయాయి. జాన్ ఎరిక్ వెర్న్, వెనకాలే అంటుకుని వస్తున్న నిక్ కాసిడీని చివరి చుట్టు దాకా ఆపి, అర సెకను లోపు తేడాతో గెలిచాడు. బ్యాటరీలో మిగిలింది లెక్క చూసుకుంటూ అడ్డుపడ్డ ఆ చివరి చుట్లకు మోత తోడైతే ఏం పెరిగేదో నాకు అర్థం కాదు.

చప్పుడు తగ్గినందుకు దొరికిన అసలు లాభం చోటు. వీ10 కాలంలో సెక్రటేరియట్ పక్కన రేసంటే మన ఊహకు అందేదా? 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్లలో పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లు దాటకూడదు. 2024 ఆగస్టు చివర చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రివేళ పెట్రోలు కార్ల రేసు పెట్టినప్పుడు, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి రోగుల ఇబ్బంది మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. షరతుల మీద అనుమతి వచ్చింది. హైదరాబాదు కరెంటు రేసు మీద జనం విసుక్కున్నది రోడ్లు మూసినందుకు, ట్రాఫిక్ స్తంభించినందుకు. 2024 జనవరిలో రెండో ఏటి రేసు రద్దయింది. కొత్త ప్రభుత్వం వచ్చాక ఒప్పందం దగ్గర తేడా వచ్చింది, చెల్లింపుల వ్యవహారం కేసుల్లో పడింది. చప్పుడుకీ దానికీ సంబంధం లేదు.

ఫార్ములా వన్ 2026 నిబంధనల్లో ఎంజీయూ-హెచ్ తీసేశారు. పొగ వాయువుల్లోంచి పిండుకునే చెయ్యి ఒకటి తగ్గింది కాబట్టి గొంతు కాస్త తెరుచుకోవాలి. మరో పక్క కరెంటు మోటారు వాటాను 120 నుంచి 350 కిలోవాట్లకు పెంచి, మొత్తం బలంలో సగానికి దగ్గరగా తెచ్చారు. ఇంధనం శిలాజ చమురు కాకుండా కృత్రిమంగానో జీవ పదార్థాల నుంచో చేసినది. అలాంటి ఇంధనం ఉన్నప్పుడు వీ10 మళ్లీ ఎందుకు రాకూడదని 2025లో మోటారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మహమ్మద్ బెన్ సులాయెమ్ కదిపి చూశాడు, తర్వాత వీ8 అన్నాడు. ఎంజీయూ-హెచ్ పోయి కరెంటు వాటా పెరిగితేనే వస్తామన్న ఆడి లాంటి కంపెనీలు ఈ నిబంధనల కోసం కోట్లు పోసి కొత్త ఇంజను కట్టుకున్నాయి. వీ8కి ముందు తల ఊపాల్సింది వాళ్లు.