విడాకుల కేసులో మెయింటెనెన్స్ లెక్క ఎలా కడతారు?

ఈ మధ్య మనకి వస్తున్న మెసేజ్‌లలో రెండు ప్రశ్నలు ఎక్కువగా ఉంటున్నాయి. అబ్బాయిలేమో "బ్రో, విడాకులైతే జీతంలో సగం పోతుందట కదా?" అంటున్నారు. అమ్మాయిలేమో "నాకు ఉద్యోగం ఉంది, ఇక నాకేమీ రాదట కదా?" అంటున్నారు. రెండూ తప్పే. ఈ రెండు "అట"ల వల్ల ఎన్ని నిర్ణయాలు తలకిందులవుతున్నాయో! నేను లాయర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ చట్టం చదివి అర్థం చేసుకోవచ్చు కదా, రండి చూద్దాం.

ముందు, ఎన్ని దారులున్నాయి? హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 24 అంటే కేసు నడుస్తున్నప్పుడు ఇచ్చే మధ్యంతర భరణం. సెక్షన్ 25 అంటే తీర్పుతో పాటుగానీ ఆ తర్వాతగానీ ఇచ్చే శాశ్వత భరణం. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. ఈ రెండు సెక్షన్ల కింద భర్త కూడా అడగొచ్చు. చట్టంలో భార్య అని మాత్రమే లేదు. ఇవి కాక పాత సీఆర్పీసీ 125 ఉంది. 2024 జులై 1 నుంచి అది బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144 అయింది. అది ఏ మతం వాళ్ళకైనా వర్తిస్తుంది, విడాకుల కేసు వేయకపోయినా వాడుకోవచ్చు. గృహహింస చట్టం, 2005 కింద ఇంకో దారి.

"అయితే నాలుగు చోట్లా నాలుగుసార్లు కట్టాలా?" కాదు. 2020 నవంబర్‌లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు దీన్ని సరిచేసింది. ఒక చోట ఆర్డర్ వచ్చి ఉంటే, రెండో చోట ఆ సంగతి చెప్పి తీరాలి. రెండో కోర్టు దాన్ని సర్దుబాటు చేస్తుంది.

అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన విషయం, అఫిడవిట్. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. ఇద్దరూ అంటున్నా, గమనించండి. పేస్లిప్పులు, ఐటీ రిటర్న్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ బయటికొస్తాయి. అబద్ధం రాస్తే అది వేరే తలనొప్పి.

మరి ఎంత శాతం? చట్టంలో ఫిక్స్‌డ్ ఫార్ములా లేదు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం సబబే అంది. దాన్ని పట్టుకుని అందరూ రూల్ అనుకుంటున్నారు. కానీ కోర్టు చూసేవి వేరు: ఇద్దరి ఆదాయం, కాపురం చేసినప్పటి జీవన స్థాయి, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, అమ్మానాన్నల బాధ్యత ఉందా, భార్య పిల్లల కోసం ఉద్యోగం వదులుకుందా. భార్య సంపాదిస్తున్నంత మాత్రాన దరఖాస్తు కొట్టేయరు. తన జీతంతో ఆ స్థాయిలో బతకగలదా అని చూస్తారు. ఇద్దరి జీతాలూ సమానంగా ఉంటే ఏమీ రాకపోవచ్చు కూడా.

ఇప్పుడు కొందరు ఇచ్చే మహా ఐడియా: "ఉద్యోగం మానెయ్ రా, పీడా పోతుంది." పోదు బాబూ! ఒళ్ళు బాగుండి, పని చేయగలిగిన భర్త కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అంది. డిగ్రీ, అనుభవం చూసి నీ సంపాదన శక్తిని కోర్టే అంచనా వేస్తుంది. ఉద్యోగం పోవడం మాత్రం నిజం.

"సరే, వాయిదాలు లాగుదాం" అంటారా? భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కకడతారు. నెలకు 15 వేలు అని రెండేళ్ళ తర్వాత ఆర్డర్ వచ్చిందనుకోండి, 24 నెలలకు 3 లక్షల 60 వేలు ఒకేసారి మీద పడతాయి. కట్టకపోతే వారెంట్, జైలు దాకా వెళ్తుంది. జైలుకెళ్ళొచ్చినా బాకీ తీరదు.

చివరిగా పరస్పర అంగీకారం, సెక్షన్ 13బి. ఏడాది విడిగా ఉండాలి, ఇంకెప్పటికీ కలిసి ఉండలేమని ఇద్దరూ ఒప్పుకోవాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే కోర్టు ఆ గడువు తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే పెద్దమనుషుల ముందు నోటిమాటతో డబ్బు చేతులు మార్చకండి. ఎంత, ఎప్పుడు, ఏ కేసు వెనక్కి తీసుకుంటున్నారు, అన్నీ కాగితం మీదికి రావాలి.

అమ్మలకు ఒక్క మాట. విసిగిపోయి "నాకేమీ వద్దు, వదిలేస్తే చాలు" అని సంతకం పెట్టేస్తుంటారు. మీ భరణం సంగతి మీ ఇష్టం. బిడ్డ భరణం మాత్రం బిడ్డ హక్కు, దాన్ని వదులుకునే అధికారం మీకు లేదు. లాయర్ ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

మీ ఇంట్లో ఎవరికైనా ఇది అవసరమైతే ముందు పేస్లిప్పులు, పిల్లల ఫీజు రసీదులు ఒక ఫైల్లో పెట్టించండి. వాదన తర్వాత, కాగితాలు ముందు. ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.