వాన తప్పినను పూచు ప్రేరీ పూలు

దండలు గ్రుచ్చుటకు మన పూల అంగళ్ళలో అమ్ము గైలార్డియా పువ్వును చూడనివారు అరుదు. ఎరుపు రేకులకు పసుపు అంచు గల ఆ పువ్వు మన దేశపుది కాదు. ఉత్తర అమెరికా నడుమ ‘ప్రేరీ’ యను పేర పరచుకొనియున్న గడ్డి మైదానములు దాని పుట్టినిల్లు. అచ్చట దానివంటి అడవిపూల మొక్కలు వందలకొలది జాతులు కలవు. వాన తప్పిన ఏట ఇవి ఎట్లు పూచుచున్నవో, వీనిని ఎట్లు పెంచుదురో వివరింపదలచితిమి.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున పనిచేసిన జాన్ ఎర్నెస్ట్ వీవర్ అను శాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ప్రేరీ నేలలో లోతైన కందకములు త్రవ్వి, వేళ్ళను మట్టినుండి ఓపికగా విడదీసి, వాని చిత్రములను ప్రకటించెను. పైన కనుపించు మొక్క కొంచెమే. క్రింద దాగినది ఎక్కువ. కంపాస్ ప్లాంట్ అను పసుపుపూల మొక్క తల్లివేరు 15 అడుగుల లోతునకు పోగలదు. పైమట్టి బీటలు వారినను అడుగుననున్న చెమ్మ దానికి అందును. దాని ఆకులు అంచులను ఉత్తర దక్షిణములకు త్రిప్పి నిలువుగా నిలుచును. అందుచే మధ్యాహ్నపు ఎండ ఆకుపై సూటిగా పడదు; ఉదయ సాయంకాలముల లేత ఎండ నిండుగా పడును. దిక్సూచి యను అర్థము గల పేరు దానికి ఇందువలననే వచ్చినది.

పెంచువారికి కావలసినది ఎరువు కాదు, ఓర్పు. ఎరువు వేసినచో కలుపు బలియును. ఈ జాతులలో చాలవాని విత్తనములు తడితో కూడిన చలిని కొంతకాలము అనుభవించిన గాని మొలకెత్తవు. కనుక మంచు పడుటకు ముందే చల్లుదురు. లేదా తడి ఇసుకలో కలిపి నెల, రెండు నెలలు రిఫ్రిజిరేటరులో ఉంచి వసంతమున చల్లుదురు. గైలార్డియాకు ఈ శ్రమ లేదు. మొదటి ఏడు మొక్క వేరునే పెంచుకొనును. పైన నాలుగు ఆకులు తప్ప ఏమియు కానరాదు. విత్తనము చెడినదని విసిగి త్రవ్వివేయువారు ఈ దశలోనే పెక్కురు! ఆ ఏడు కలుపును జానెడు ఎత్తున కోయుచు, అవసరమైనపుడు నీరు పోసిన చాలును. వేరు దిగిన పిదప మొక్క తన దారి తాను చూచుకొనును.

ఈ పూలపై ఆధారపడిన ప్రాణుల స్థితి మాత్రము విచారకరము. మోనార్క్ అను సీతాకోకచిలుక గొంగళిపురుగు మిల్క్‌వీడ్ జాతుల ఆకులనే తినును. ఈ మొక్కలు మన జిల్లేడు కుటుంబమునకు చెందినవి. జిల్లేడుపై మన పొలములలో పెరుగు నారింజరంగు సీతాకోకచిలుక మోనార్క్‌నకు దగ్గరి చుట్టము. మొక్కజొన్న, సోయా చేలలో చల్లు కలుపు మందులచే మిల్క్‌వీడ్ నశించుట ఆ జాతి క్షీణించుటకు ఒక ముఖ్య కారణము. తుమ్మెదలలో ఒక జాతిని 2017లో అమెరికా ప్రభుత్వము అంతరించు ప్రమాదమున్న వాని జాబితాలో చేర్చెను. 1837లో జాన్ డీర్ చేసిన ఉక్కు నాగలి ఆ జిగురు నేలను దున్నుట సులభము చేసినది. పొడుగు గడ్డి ప్రేరీలో నేడు నూటికి నాలుగు వంతులైనను మిగిలిలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము వారు 1930 దశకమున మాడిసన్ నగరమున పాడుపడిన సేద్యపు నేలపై ప్రేరీని తిరిగి నాటనారంభించిరి. ఆ తోట ఇప్పటికిని ఉన్నది.

పెరటిలో నాటువారికి రెండు మాటలు. అందమునకై ముద్దపూల రకములను కొనరాదు. రేకులు పెరిగిన కొలది పుప్పొడి, మకరందము తేనెటీగలకు అందవు. శీతకాలమున ఎండిన కాడలను కోయరాదు. ఒంటరిగా జీవించు తేనెటీగలలో కొన్ని బోలు కాడలలో గ్రుడ్లు పెట్టును. వసంతమున కోయునపుడు సైతము అడుగెడు ఎత్తు మోడులను విడిచినచో, ఆ ఏటి ఈగలకు అవియే ఇండ్లగును.