వాన వెలిసినా కొండ తడి ఆరదు

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. అది మళ్లీ తెరుచుకునేసరికి 2022 మే వచ్చింది. ఈలోగా, డిసెంబరు 1న, తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు దొర్లిపడి రోడ్డు విరిగింది. నవంబరు కుండపోతను తట్టుకున్న బండలు తరువాత ఎందుకు జారినట్టు?

తిరుమల కొండల పైభాగం నగరి క్వార్ట్‌జైట్. ఎప్పటిదో ఇసుక బిగిసి రాయైంది. అడుగున ఇంకా పాతదైన గ్రానైట్. క్వార్ట్‌జైట్ ఉలికి లొంగనంత గట్టిది కానీ నిలువునా అడ్డంగా నెర్రెలుంటాయి. రాయి నీళ్లు తాగదు, నెర్రె తాగుతుంది. పది మీటర్ల లోతు నెర్రె నిండితే దాని అడుగున నీళ్లు చదరపు మీటరుకు పది టన్నుల బలంతో బండను బయటికి తోస్తాయి. నెర్రె వెడల్పుతో పనిలేదు, లోతే లెక్క. పొరల మధ్య మట్టి నాని జారుడుబల్ల అవుతుంది. చెట్ల వేళ్లు సందును ఏడాదికింత పెంచుతాయి. పైన పడిన నీళ్లు నెర్రెలు పట్టుకుని కిందికి దిగడానికి గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు.

హిమాలయాల్లో వసంతకాలపు మంచు చరియలదీ ఇదే తంతు. ఎండకు పైమంచు కరిగి, నీళ్లు లోపలి పొరకు దిగి పట్టు సడలిస్తాయి. అందుకే అక్కడ నడిచేవాళ్లు తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోగా ఏటవాలు దాటేస్తారు.

మనకు మంచు లేదు గానీ ఫాల్గుణ పున్నమికి తుంబురు తీర్థ ముక్కోటి ఉత్సవం ఉంది. ఆ తీర్థానికి పాపవినాశనం నుంచి అడవిలో బండల మీద, వంకల వెంబడి నడక. ఎండాకాలం ముందు మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన పుట్టుకురావచ్చు. మీ నెత్తిన చినుకు పడకపోయినా, పైకొండలో కురిస్తే వంకలో నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. నీళ్లు ఎర్రబడి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే గట్టెక్కండి.

చరియ కింద నిలబడి సెల్ఫీలు వద్దు. కొత్తగా తెల్లగా కనిపించే రాతి గాయం, గులకరాళ్లు రాలే చప్పుడు, నిన్నలేని ఊట: ఈ మూడింటిలో ఏది కనబడినా ఆగకుండా దాటిపోండి. దారి మూశారంటే గొణగకండి. వాన వెలిసింది మనకే, కొండకు కాదు.